న్యాయవిద్యయందు వికలాంగుల భాగము



ఈ సాయంకాలము నేను విన్నవింపదలచిన విషయము మొదట మన ఊళ్లకు సంబంధము లేనిదిగా తోచవచ్చును. కన్ను కనబడనివారు, చేయి ఆడనివారు, చెవి వినబడనివారు న్యాయశాస్త్రము చదువవచ్చునా? చదివినచో పరీక్ష ఎట్లు వ్రాయవలెను? పరీక్ష నెగ్గినచో వకీలుగా నిలువవచ్చునా, న్యాయాధిపతిగా కూర్చుండవచ్చునా? ఇది పట్టణవాసుల చర్చ యని అనుకొనకుడు. గట్టు తగాదా వచ్చినను, అన్నదమ్ముల పంపకము వచ్చినను నలుగురిలో కూర్చుండి మాట చెప్పువారు మీరు. భాగమనగా నేమో మీకు తెలిసినంత చక్కగా ఇతరులకు తెలియదు. నేను చెప్పబోవునదియు ఒక భాగపు వ్యవహారమే.

మన ధర్మశాస్త్రములయందు దాయభాగ ప్రకరణము కలదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున పుట్టుగ్రుడ్డి, చెవిటి, మూగ మొదలగువారు పితృధనమందు భాగమునకు అర్హులు కారని చెప్పబడినది. ఆ వెంటనే, వారికి జీవితాంతము అన్నవస్త్రముల నొసగవలెననియు, ఒసగనివాడు పతితుడగుననియు చెప్పబడినది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్యయు ఈ మార్గమునే పట్టినది. పదుమూడవ శతాబ్దమున కేతన ఆ గ్రంథసారమును విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు చేసెను. ఇంగ్లీషువారి పరిపాలనలో దక్షిణదేశపు కోర్టులు మితాక్షరను ప్రమాణముగా గైకొనుటచే ఈ నియమము తాటియాకులలో నిలిచిపోక, నిజముగానే కుటుంబముల ఆస్తులను నిర్ణయించుచు వచ్చెను.

1928వ సంవత్సరపు 12వ చట్టము దీనిని మార్చెను. పుట్టుకనుండి మతిలేనివారు తప్ప, మితాక్షర ననుసరించు తక్కిన హిందువులలో ఎవ్వరిని రోగముచేతగాని అంగవైకల్యముచేతగాని వారసత్వమునుండి తొలగింపరాదని అది శాసించెను. 1956 నాటి హిందూ వారసత్వచట్టపు 28వ సెక్షను ఆ మినహాయింపును గూడ తుడిచివేసెను. అంతవరకు భరణమునకు మాత్రమే నోచుకొనినవాడు నాటినుండి భాగస్వామి యయ్యెను. భూమి విషయమున ఈ ధర్మము స్థిరపడి చాలకాలమైనది. విద్య విషయమున, వృత్తి విషయమున అది ఇంకను స్థిరపడవలసి యున్నది. వికలాంగునకు అన్నము పెట్టుటతో మన ధర్మము తీరిపోదు. చదువులోను వృత్తిలోను అతని భాగమును అతనికి పంచి యియ్యవలెను. నా మనవి యంతయు ఇంతే. తక్కినదంతయు దీనికి వివరణము.

నేను ముప్పదియేండ్లకు పైబడి ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితుడుగా పనిచేసితిని. నా కడ చదివిన పిల్లలలో ఒక బాలికకు పుట్టుకనుండి చూపు మిక్కిలి మందము. నల్లబల్లమీది వ్రాత ఆమెకు సున్నపు మరకవలె తోచెడిది. కాని ఒక పద్యమును రెండుమారులు వినిపించినచో మూడవమారు ఆమెయే నాకు వినిపించెడిది. పదవ తరగతి మంచి మార్కులతో నెగ్గినపిమ్మట ఆమె తండ్రి నాయొద్దకు వచ్చెను. మూడెకరముల మాగాణి గల రైతు, కూతురనిన ప్రాణము. ఆయన మాటను ఆయన నోట వచ్చినట్లే చెప్పెదను. “పంతులుగారూ! పిల్లకు పింఛను వస్తూనే ఉంది. మా ఇంట్లో అన్నానికి లోటు లేదు. చూపు లేని పిల్లను ఊరు దాటించి ఏం చేయమంటారు?” ఆ మాటలో కాఠిన్యము లేదు, కన్నతండ్రి బెంగ యున్నది. అయినను శాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న, అది భరణమిచ్చి భాగమును నిరాకరించుటయే. తలుపుచాటున నిలిచి వినుచున్న ఆ పిల్ల ముందునకు వచ్చి, “నాన్నా, నేను లాయరు చదువుతాను. చదివి వినిపించేవాళ్లుంటే చాలు” అనెను.

ఆమె నేడు న్యాయశాస్త్రపట్టము పుచ్చుకొని, వకీళ్ల పరీక్షకును, అటుపిమ్మట జడ్జి పరీక్షకును సిద్ధపడుచున్నది. నడుమ ఆమె దాటిన గడప నొక్కటి చెప్పెదను. ప్రవేశపరీక్షకు లేఖకుడు కావలెనని ఆమె ముందే దరఖాస్తులో వ్రాసికొనెను. తీరా ఆనాటికి ఆ కేంద్రమున ఎవ్వరును సిద్ధముగా లేరు. వేళ మించినపిమ్మట ఎవనినో పట్టుకొని వచ్చిరి. ఆ కుర్రవాడు ఇంగ్లీషు ప్రశ్నలను కూడబలుకుకొనుచు చదివెను. పోయిన కాలమును తిరిగి ఇచ్చినవారు లేరు. ఆ కేంద్రము ఏదియను ప్రశ్న మనకనవసరము. ఆనాడు పరీక్షింపబడినది ఆ కుర్రవాని చదువే గాని, ఆ బాలిక జ్ఞానము కాదు.

లేఖకుడనగానే మన పెద్దలలో పలువురకు ఒక సందేహము కలుగును. చెప్పువారొకరు, వ్రాయువారొకరు అయినచో మార్కులెవరివి? దీనికి సమాధానము మన యింటనే కలదు. వ్యాసభగవానుడు భారతమును చెప్పగా విఘ్నేశ్వరుడు వ్రాసెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ గ్రంథమును వినాయకభారతమని ఎవ్వరైన అనిరా? మన అష్టావధానులు కలము ముట్టక, కాగితము చూడక, ఎనమండుగురు పృచ్ఛకులకు సమాధానము చెప్పుదురు. తమ చేతితో వ్రాయలేదు గనుక ఆ పద్యములు వారివి కావని మనమెన్నడైన అంటిమా? వేదము తరతరములుగా నోటినుండి చెవికి నడచి వచ్చినది. అందుచేతనే దానికి శ్రుతియని పేరు. విద్య యనగా వ్రాతయే యను భావము మనకు ఈ పరీక్షల వెంబడి వచ్చినది.

లేఖకుడే జవాబులు చెప్పివేయునేమో యను భయము నిరాధారము కాదు. అందులకు కట్టుబాట్లును చేయబడినవి. కేంద్రప్రభుత్వము 2018 ఆగస్టు 29వ తేదీన వెలువరించిన పరీక్షానియమములలో, అభ్యర్థి తన లేఖకుని తానే తెచ్చుకొనినచో, ఆ లేఖకుని చదువు అభ్యర్థి చదువుకంటె ఒక మెట్టు తక్కువగా ఉండవలెనని చెప్పబడెను. ఆ లెక్కను బట్టి చూచినచో వ్యాసునకు వినాయకుడు లేఖకుడుగా పనికిరాడు!

ఇక కాలము సంగతి. ఆ నియమములలోనే, గంటకు ఇరువది నిమిషములకు తగ్గకుండ అదనపు కాలము ఇయ్యవలెననియు ఉన్నది. మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలన్నమాట. ఇది తక్కిన పిల్లలకు అన్యాయము కాదా యని అడుగవచ్చును. పరీక్ష జరుగు తీరును గమనింపుడు. లేఖకుడు ప్రశ్నను చదువవలెను. పొడుగైన ప్రశ్నయైనచో మరల చదువవలెను. అభ్యర్థి జవాబును వాక్యము వెంబడి వాక్యముగా చెప్పవలెను. వాద్యుల పేర్లను, సెక్షను సంఖ్యలను అక్షరమక్షరముగా పలుకవలెను. వ్రాసినది చదివించుకొని, తప్పు దొరలినచో దిద్దించవలెను. చూపు గలవాడు ఒక్క చూపుతో వెనుకటి పుటను చూచుకొనును. ఈమెకు అది కొన్ని నిమిషముల పని. కాలువ తలాపున నున్న పొలము చప్పున తడియును. శివారు పొలమునకు నీరు ప్రాకి చేరుటకే కొంత ప్రొద్దు పోవును. అందుచేత శివారు రైతునకు వంతుగడియలు కొంచెము పెంచినచో అతనికి ఎక్కువ నీరిచ్చినట్లు కాదు. అందరి పైరును సమముగా తడిపినట్లు.

ఈ సదుపాయములకు ఆధారమైన చట్టము 2016 డిసెంబరులో ఆమోదము పొంది, 2017 ఏప్రిలు 19వ తేదీనుండి అమలునకు వచ్చెను. 1995 నాటి చట్టమున ఏడు విధముల వైకల్యములు మాత్రమే చెప్పబడగా, ఇందు ఇరువదియొక్కటి చెప్పబడినవి. ప్రభుత్వ విద్యాలయములును, ప్రభుత్వ సహాయము పొందునవియు, ఉన్నతవిద్యలో నూటికి ఐదుకు తగ్గకుండ సీట్లను, నూటికి నలుబది గాని అంతకు మించి గాని వైకల్యము గలవారికి ఉంచవలెను. అట్టి న్యాయకళాశాలలకును ఇది వర్తించును. అన్నింటికంటె ముఖ్యమైనది ఆ చట్టమందలి ‘యుక్తమైన సర్దుబాటు’ అను భావము. ఎదుటివారిమీద మోయరాని భారము పడకుండ, ఒక మనిషికి అవసరమైన మార్పును చేసి, అతనిని తక్కినవారితో సమముగా తన హక్కు ననుభవింపనిచ్చుట యని దాని యర్థము. అట్టి సర్దుబాటును నిరాకరించుటయే వివక్ష యని చట్టము చెప్పుచున్నది. చక్రపు కుర్చీలో వచ్చువానికి క్రింది అంతస్తులో గది చూపుట సర్దుబాటు. చెవి వినబడనివానికి సైగలభాష తెలిసిన దుబాసీని ఏర్పరచుట సర్దుబాటు. నేను ఈ ప్రసంగమును కండ్లజోడు పెట్టుకొని చదువుచున్నాను. జోడు తీసివేసి చదువుమనిన, నాకు చదువు రాదని తేలును గాని అది నిజమగునా?

ఈ సర్దుబాటు ఎవరెవరికి చెందునను విషయమున 2021 ఫిబ్రవరి 11వ తేదీన సుప్రీముకోర్టు వికాస్ కుమార్ వ్యాజ్యమునందు గొప్ప తీర్పు నిచ్చెను. ఆయనకు చూపు ఉన్నది. కాని వ్రాయబూనినచో చేయి కొంకర్లు పోవును. సివిలు సర్వీసుల పరీక్షకు లేఖకుని కోరగా, నియమములలో నీవంటివారికి చోటు లేదనిరి. నూటికి నలుబది యను కొలత రిజర్వేషనులవంటి వానికే గాని, పరీక్షలో సర్దుబాటు పొందుటకు ఆ కొలత అక్కరలేదని న్యాయస్థానము తేల్చెను. కొందరు మోసము చేయుదురేమో యను శంకతో నిజముగా అవసరమైనవారికి తలుపు మూయరాదనియు చెప్పెను. ఆ తీర్పు ననుసరించి, నలుబదికి తక్కువ వైకల్యమున్నను వ్రాయుటకు ఇబ్బంది గలవారి కొరకు 2022 ఆగస్టు 10వ తేదీన వేరుగా నియమములు వెలువడెను.

ఇక వకీళ్ల పరీక్ష. న్యాయపట్టము చేతికి వచ్చినంతమాత్రమున వకీలు కాజాలరు. 1961 నాటి అడ్వకేట్ల చట్టము క్రింద రాష్ట్ర బార్ కౌన్సిలులో పేరు వ్రాయించుకొనవలెను. అఖిలభారత బార్ పరీక్ష నెగ్గవలెను. ఆ పరీక్ష మొదటిసారి 2011 మార్చిలో జరిగెను. అట్టి పరీక్షను పెట్టు అధికారము బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు కలదని రాజ్యాంగ ధర్మాసనము 2023 ఫిబ్రవరి 10వ తేదీన తీర్పు చెప్పెను. వ్యాఖ్యలు లేని మూలచట్టముల ప్రతులను ఈ పరీక్షకు వెంట తీసికొనిపోవచ్చును. చూపు గలవానికి ఇది గొప్ప వెసులుబాటు. చూపు లేనివాని సంగతి? 1829లో లూయీ బ్రెయిలీ ప్రకటించిన ఆరుచుక్కల లిపి అంధులకు అక్షరజ్ఞానము నిచ్చిన మాట నిజమే. కాని ఆ లిపిలో ఒక చట్టము అనేక సంపుటములగును. చట్టములన్నియు మోయవలెనన్న బండి కట్టవలెను. అదియును గాక 2024 జూలై 1వ తేదీనుండి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చెను. పాత సంపుటములు మూలబడినవి. నేడు కంప్యూటరు తెరమీది అక్షరములను పైకి చదివి వినిపించు సాధనములు వచ్చినవి. వానిని పరీక్షాశాలలోనికి రానిచ్చి, చట్టముల ప్రతులను ఆ రూపమున అందించిననే ఆ వెసులుబాటు అందరిది యగును. లేనిచో ఒకే పరీక్ష ఒకరికి పుస్తకముతోను, మరియొకరికి పుస్తకము లేకయు జరిగినట్లగును.

పరీక్షయే వక్రముగా ఉన్నచో దానిని సరిదిద్దుకొనుటయు కలదు. అమెరికాలో న్యాయకళాశాలల ప్రవేశపరీక్షయందు తర్కపు పొడుపుకథలవంటి ప్రశ్నలు ఉండెడివి. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరి, ఎవరి తరువాత ఎవరు వచ్చిరి యని వరుసలు కట్టుట. సాధారణముగా కాగితముమీద బొమ్మలు గీసికొని వానిని విప్పుదురు. మిషిగన్ రాష్ట్రపు అంధుడొకడు, బొమ్మ గీయలేనివానికి ఈ ప్రశ్నలు అన్యాయమని వ్యాజ్యము వేసెను. 2019లో రాజీ కుదిరెను. 2024 ఆగస్టునుండి ఆ ప్రశ్నలే తీసివేయబడెను. బొమ్మ గీయుట న్యాయశాస్త్రమునకు ప్రాణము కాదని వారు గ్రహించిరి. ఏది ప్రాణము, ఏది అలవాటు అని విడదీసి చూచుటయే ఈ విషయమున వివేకము.

అన్నిటికంటె కడపటి గడప న్యాయపీఠము. చూపు లేనివాడు దస్తావేజు నెట్లు చూచును, సాక్షి ముఖము నెట్లు కనిపెట్టును అని అడుగువారు కలరు. పదునెనిమిదవ శతాబ్దమున లండను నగరమందు సర్ జాన్ ఫీల్డింగ్ అను అంధుడు మేజిస్ట్రేటుగా ఉండెను. గొంతును బట్టియే నేరస్థులను గుర్తుపట్టెడివాడని ప్రసిద్ధి. బాల్యముననే మశూచిచే చూపు కోల్పోయిన సాధన్ గుప్త కలకత్తాలో న్యాయవాదియై, 1953లో లోకసభ సభ్యుడై, 1986లో పశ్చిమబెంగాలు అడ్వకేటు జనరలు అయ్యెను. దక్షిణాఫ్రికాలో భారతసంతతివాడగు జాక్ యాకూబ్ అను అంధుడు 1998 నుండి 2013 వరకు అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానమున న్యాయమూర్తిగా ఉండెను. దస్తావేజును చదివి వినిపింపవచ్చును. సాక్షి సంగతి యందురా, ముప్పదియేండ్లు పిల్లలతో మెలగినవాడను; అబద్ధమాడునపుడు ముఖముకంటె ముందు గొంతు తొట్రుపడును. న్యాయదేవత కన్నులకు గంత కట్టి బొమ్మలు చేసికొనిన లోకము, నిజముగా చూపు లేనివాడు పీఠమెక్కెదనన్న వలదనుట వింత గదా!

ఇట్లుండియు, 2019 జనవరి 22వ తేదీన సుప్రీముకోర్టు, తమిళనాడున సివిలు జడ్జి పదవికి వైకల్యము నూటికి ఏబది మించరాదను నియమమును సమర్థించెను. ఆ తీర్పు యుక్తమైన సర్దుబాటును విచారింపలేదని 2021 తీర్పు ఎత్తిచూపెను. పిమ్మట మధ్యప్రదేశమున చూపు లేనివారు జడ్జి పదవికి తగరను నియమముండగా, 2024లో ఒక అంధ అభ్యర్థి తల్లి ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరము వ్రాసెను. ఆ యుత్తరమునే వ్యాజ్యముగా స్వీకరించిరి. 2025 మార్చి 3వ తేదీన జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ గారలు ఆ నియమమును కొట్టివేసి, వైకల్యమను ఒక్క కారణముచే ఎవ్వరిని న్యాయాధికార పదవులకు దూరము చేయరాదని తీర్పు చెప్పిరి. ఒక తల్లి వ్రాసిన ఉత్తరము దేశమంతటికి ధర్మనిర్ణయమునకు కారణమయ్యెను.

తీర్పు వచ్చుట వేరు, గడపలోనికి వచ్చుట వేరు. భవనములు, రాకపోకల మార్గములు వికలాంగులకు అనువుగా నుండవలెనను ఆజ్ఞలు ఎంతవరకు అమలైనవో పరిశీలించు పనిని సుప్రీముకోర్టు మన హైదరాబాదులోని నల్సారు న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగ అధ్యయన కేంద్రమునకు అప్పగించెను. ఆ నివేదికను చూచినపిమ్మట 2024 నవంబరు 8వ తేదీన, ఈ కొలతలు సలహాలుగా మిగిలిపోరాదనియు, తప్పక పాటింపదగిన నియమములుగా చేయవలెననియు ఆదేశించెను.

పెద్దలారా, నియమములు ఢిల్లీలో పుట్టినను, పిల్లలు మన వీధిలో పుట్టుదురు. అందుచేత మీవలన కావలసిన పనులు కొన్ని కలవు. వైకల్యము గల బిడ్డకు సదరం సర్టిఫికెట్టును పింఛను కొరకే యని తలపక, చదువు కొరకును వేళకు తీయింపుడు. నూటికి నలుబది రాలేదని చెప్పి పంపివేసినను నిరాశ పడకుడు. వ్రాయుటకు ఇబ్బంది యున్నచో ప్రభుత్వ వైద్యుని ధ్రువపత్రముతో అడుగవచ్చును. నియమములు మారుచుండును గనుక, ఏ పరీక్షకైనను ఆ సంవత్సరపు ప్రకటనను సాంతము చదివి, లేఖకుడు, అదనపు కాలము, కంప్యూటరు, క్రింది గది, ఏది కావలెనో దరఖాస్తులోనే వ్రాయించి, దాని ప్రతిని భద్రపరుపుడు. నిరాకరించినచో రాష్ట్ర వికలాంగుల కమిషనరునకు ఫిర్యాదు పంపుడు. అన్నిటికంటె తేలికయైన పని మరియొకటి కలదు. ఊరిలో చదువుకొనిన యువకులు రోజునకు ఒక గంట పాఠ్యపుస్తకమును పైకి చదివి సెల్ ఫోనులో నింపి యిచ్చినచో, దానిని ఆ బిడ్డ పదిమారులు వినును. దీనికి చందా అక్కరలేదు, కావలసినది కంఠము.

నా శిష్యురాలు రేపు పరీక్ష నెగ్గునో లేదో నేను చెప్పజాలను. న్యాయముగా పరీక్షింపబడి ఓడినచో, మరల చదువునని మాత్రము ఎరుగుదును. పరీక్షయే జరుగకుండ ఓడిపోవుట ఎవ్వరికిని రాకూడదు. మీ రచ్చబండకడ ఇట్టి బిడ్డ మాట వచ్చినపుడు, అన్నమునకు లోటు లేదు గదా యని ఎవరైన అనినచో, పంపకమునాడు అన్నదమ్ములలో ఒకనికి అన్నము పెట్టి పొలము పెట్టకున్న మీరేమి తీర్పు చెప్పుదురో, ఆ తీర్పునే ఇచ్చటను చెప్పుడు.

సెలవు.